అడవిలో కలుపు లేదన్న నుస్రత్ మేడమ్

నుస్రత్ మేడమ్ ఇక లేరన్న వార్త నాకు ఆరాంఘర్ చౌరస్తాలో, కదలని బస్సులో అందింది. ఫోన్ చేసింది ఆమె తమ్ముడు. "ఆపా పోయింది మేడమ్. పొద్దుగాల ఊపిరి ఆడుతలేదంటే దవాఖానకు తీస్కపోతుంటిమి. తొవ్వలనే పోయింది" అన్నాడు. ముందురోజు సాయంత్రమే ఆమె నల్లమల శిబిరానికి కావలసిన తాళ్ల గురించి, టార్పాలిన్ల గురించి నాతో వాదించి, ఎప్పటిలాగే తన మాట నెగ్గించుకుని వెళ్లారు. అంతటి పట్టుదల గల మనిషిని మృత్యువు ఇంత తేలికగా తీసుకుపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

శంషాబాద్‌లోని మా చిన్న మహిళా డిగ్రీ కళాశాలలో ఆమె వృక్షశాస్త్ర అధ్యాపకురాలు. విమానాశ్రయం తెరిచిన ఏడాది నేను జంతుశాస్త్రం చెప్పడానికి అక్కడ చేరాను. నెత్తి మీదుగా విమానం పోతుంటే పాఠం ఆపి, చప్పుడు తగ్గాక ఆపిన మాట దగ్గరే అందుకోవడం ఆమెను చూసి నేర్చుకున్నాను. ఏటా చలికాలంలో విద్యార్థినులను నల్లమలకు తీసుకెళ్లి, వారం రోజులు చెట్లూ పుట్టల మధ్య జీవశాస్త్రం నేర్పడం ఆమె జీవితవ్రతం. సహోద్యోగులు కొందరు దాన్ని పిక్నిక్ అనేవారు. ఆ మాట చెవిన పడితే ఆమె ఊరుకునేవారు కాదు. "ముండ్లు గుచ్చుకోని, దూలగొండి రాస్కోని వచ్చే పిక్నిక్ ఏడుంటది సార్? ఒకపారి మీరు గూడ రండి" అనేవారు. ఒక్కరూ రాలేదు.

అంత ఆరాటం ఎందుకని ఒకసారి అడిగాను. "నేను డిగ్రీ చదివేటప్పుడు మా కాలేజోళ్లు అడవికి తీస్కపోయిన్రు చెల్లె. మా అబ్బాజాన్ నన్ను పంపలే. పుస్తకంల బొమ్మలు జూసి ఫస్టు క్లాసుల పాసైన. లెక్చరర్ అయినంకనే అడవి మొకం జూసిన. వీళ్లకు గట్ల గావొద్దు" అన్నారు. తండ్రి మీద ఆమె గొంతులో కోపం లేదు. ఆ పోగొట్టుకున్న అడవి మీద బెంగ మాత్రం చివరిదాకా ఉంది.

శిబిరానికి నెల ముందు నుంచి ఆమె ప్రతి విద్యార్థిని ఇంటికీ వెళ్లేవారు. కళాశాల నుంచి కాగితం పంపి సంతకం తెమ్మంటే సరిపోదా అని నేను సణిగేదాన్ని. "కాగితం మీద నాయిన సంతకం బెడ్తడు. పిల్ల పోయినంక తల్లి ఏడుస్తది. ముందుగాల తల్లి తోని మాట్లాడాలె" అనేవారు. నన్ను వెంట తీసుకెళ్లినా నోరు మాత్రం విప్పనిచ్చేవారు కాదు. "నీ తెలుగు వార్తలు చదివినట్టు ఉంటది చెల్లె, ఆళ్లు పరేషాన్ అయితరు" అని నవ్వేవారు. మాది కృష్ణాతీరం కావడం ఆమె దృష్టిలో క్షమించదగిన లోపం.

కొత్వాల్‌గూడలో ఒక తండ్రి ససేమిరా అన్నాడు. "ఆడపిల్లను అడవికి పంపుడు ఏంది మేడమ్? నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడు.

"నలుగురి సంగతి తర్వాత జూద్దాం. మీరు గూడ రండి బాపు. మీకు నచ్చకుంటే పిల్లను అటునుంచి అటే తోల్కపోండి" అన్నారు మేడమ్.

ఆయన నిజంగానే వచ్చాడు. మొదటిరోజు కూతురి వెంటే నీడలా తిరిగాడు. తర్వాత వంటవాళ్ల దగ్గర చేరి, శిబిరం ముగిసేదాకా ఉండిపోయాడు. తిరుగు ప్రయాణంలో పక్క సీటు పెద్దమనిషికి తన కూతురు గుర్తుపట్టిన చెట్ల పేర్లన్నీ వినిపిస్తూనే ఉన్నాడు. ఆ పెద్దమనిషి పాపం, నిద్రపోవాలని చాలా ప్రయత్నించాడు.

ఇంకొక ఏటి సంగతి తలుచుకుంటే దుఃఖంలోనూ నవ్వు వస్తుంది. నాలుగు పుల్లలు పాతి, తాడు కట్టి, ఆ చదరంలో ఉన్న ప్రతి మొక్కనూ లెక్కపెట్టమని పిల్లలకు పని అప్పజెప్పి మేం ముందుకు వెళ్లాం. తిరిగొచ్చేసరికి చదరం అద్దంలా ఉంది. నాలుగు టేకు మొలకలు తప్ప ఏమీ లేవు. పక్కన గడ్డీ గాదం కుప్ప పోసి ఉంది. అందరూ సేద్యగాళ్ల ఇళ్ల పిల్లలు. కూర్చోగానే చేతులు అలవాటుగా కలుపు తీసేశాయి. రావిర్యాల పిల్ల లావణ్య "జర సాఫ్ చేసినం మేడమ్, లెక్కవెట్టుడు అల్కగైతదని" అంది.

నేను కేకలు వేయబోయాను. మేడమ్ నేల మీద చతికిలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. తర్వాత లావణ్యను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "చేన్ల కలుపు ఉంటది బిడ్డా, మనకు ఏది గావాల్నో మనమే జెప్తం గనుక. అడవిల మనల్ని ఎవ్వరడిగిన్రు? గిక్కడ కలుపన్నదే లేదు." ఆ కుప్పలోంచే ఒక్కొక్క మొక్కనూ ఏరించి, వేళ్లు తడిమించి, ఆకు నలిపి వాసన చూపించి, సాయంత్రందాకా లెక్క కట్టించారు. అంత చక్కటి పాఠం నా బోధనానుభవంలో నేను చెప్పలేదు, ఇకమీదట చెప్పగలనన్న నమ్మకమూ లేదు.

ఆమెను మట్టికి అప్పగించి వచ్చిన వారం నుంచే ఫోన్లు మొదలయ్యాయి. "మేడమే లేదు గద, ఇగ ఎవల్ని జూసి పంపుతం?" అని తల్లిదండ్రులు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. వాళ్లను తప్పుపట్టలేను. ఆమె ప్రాణం పెట్టి నిలబెట్టిన శిబిరం ఆమెతోనే పోతుందని నాకు భయం పట్టుకుంది. చివరికి ధైర్యం తెచ్చుకుని, ఆమె చేసినట్టే ఇళ్లకు బయలుదేరాను. మొదట వెళ్లింది రావిర్యాలకు, ఇప్పుడు చివరి ఏడాది చదువుతున్న లావణ్య వాళ్లింటికి. ఆమె తల్లి చాయ్ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది. మేడమ్‌ను తలుచుకుని ఇద్దరం ఏడ్చాం. ఎలా అడగాలో తెలియక నేను తడబడుతుంటే ఆమే అందుకుంది.

"ఆ మేడమ్ ఉన్నప్పుడు ఆమెను నమ్మి పంపిన. ఇప్పుడు నా బిడ్డను నమ్మి పంపుతున్న. తోల్కపో మేడమ్."

నుస్రత్ మేడమ్ ఇన్నేళ్లూ గడప గడపా తిరిగింది ఒక తల్లి నోట ఈ మాట వినడానికే. అది విన్నది నేను.