రూతక్క పోస్ట్ చేయని ఈ ఏడాది లినక్స్ ముచ్చట

నిన్న పొద్దున షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో, కోదాడ నుంచి సైదులు ఫోన్.

"అన్నా, రూతక్క లేదే ఇగ."

ఏ రూతక్క అని అడిగాను.

మాకున్నది ఒక్క రూతక్కే. అయినా అడిగాను.

గుండెపోటు. దవాఖానకు తీసుకెళ్లేలోపే అయిపోయిందట. మొన్న సాయంత్రం గ్రూపులో ఎవరిదో ప్రింటర్ పనిచేయట్లేదంటే ఫోటో పెట్టమని అడిగింది. ఆయన ఫోటో పెట్టాడు. అది అలాగే ఉంది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. రూతక్క తిరుమలగిరి దగ్గర సర్కారు బడిలో లెక్కల టీచర్. ఇల్లు సూర్యాపేట, రోజూ బస్సు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్లం కలిసి నడుపుకునే చిన్న లినక్స్ గ్రూపును మొదలుపెట్టింది ఆమే. లినక్స్ అంటే విండోస్ బదులు కంప్యూటర్‌లో ఉచితంగా ఎక్కించుకునేది, పాత సిస్టంల మీద కూడా నడుస్తుంది. బడి తాళాలతో పాటు ఒక పెన్‌డ్రైవ్ ఎప్పుడూ చేతిలో వేలాడుతుండేది. ఎవరింట్లోనైనా పాత కంప్యూటర్ మూలన పడి ఉందని వింటే చాలు, దాంట్లో లినక్స్ ఎక్కించడానికి ఆదివారం ప్రార్థన అవగానే అక్కడ ప్రత్యక్షం.

ఈ ఏడాదైతే అక్కకు ఊపిరి సలపలేదు. పాత విండోస్‌కు అప్‌డేట్లు ఆగిపోయాయి, కొత్తదేమో పాత సిస్టంల మీద ఎక్కదు. జనం మంచి మంచి కంప్యూటర్లను పాత సామాన్లవాడికి వేయబోతుంటే "జర ఆగుండ్రి, నేనొస్తున్న" అంటూ పెన్‌పహాడ్ నుంచి మఠంపల్లి దాకా తిరిగింది.

మఠంపల్లిలో ఒక పెద్దాయన అంతా ఎక్కించాక మొహం మాడ్చుకున్నాడు. "గిదంత మంచిగనే ఉంది గని, నా పేకాటేది బిడ్డా?" అక్క వెతికి తెరిచింది. రకరకాల ఆటలు చూసి ఆయన "గిన్ని తీర్లా!" అని నోరు తెరిచాడు. ఆ మాట చెప్పి చెప్పి నవ్వేది.

ఏటా డిసెంబర్‌లో ఒక ఆదివారం కలుస్తాం. ఏడాదికో ఊరు. అక్క పెట్టిన రూల్ ఒకటే. ఎన్నింటికి ఎక్కించామో గొప్పలు చెప్పకూడదు. మళ్లీ విండోస్‌కు పోయినవాటి గురించే చెప్పాలి.

"గెలిచిన ముచ్చట్లు ఇంట్ల చెప్పుకోండ్రి. ఓడిన కాడ మనం ఏం చెయ్యలేదో గది చెప్పుండ్రి."

అవన్నీ కలిపి ఆ ఏడాది లినక్స్ ముచ్చట అని తనే పోస్ట్ రాసేది. మేమంతా దానికోసం చూసేవాళ్లం.

ఇక నా సంగతి.

మిర్యాలగూడలో నాకు డీటీపీ షాపు ఉంది. రెండేళ్లు లినక్స్ మీదే నడిపా. కానీ నా పెళ్లికార్డుల ఫైళ్లన్నీ పాత తెలుగు ఫాంట్లలో చేసినవి. లినక్స్‌లో తెరిస్తే పెళ్లికొడుకు పేరు కూడా చదవరాదు. శ్రావణంలో గిరాకీ మొదలవగానే ఎవరికీ చెప్పకుండా విండోస్‌కు మారిపోయా. దొరకకూడదని తెర మీద మాత్రం పాత లినక్స్ బొమ్మే ఉంచా. ఇదీ నా తెలివి.

పోయిన నెల అక్క పరీక్ష పేపర్లు ప్రింట్ తీసుకుందామని వచ్చి నేరుగా నా సిస్టం ముందు కూర్చుంది. చాయ్ తెస్తానని పారిపోయా. తిరిగొచ్చేసరికి పేపర్లు ప్రింట్ అయిపోయాయి.

"పని మంచిగ నడుస్తుందా తమ్మీ?"

నడుస్తుందక్కా అన్నా.

"గంతే సాలు" అని చాయ్ తాగి బస్సెక్కింది.

గండం గడిచిందనుకున్నా. ఎంత మూర్ఖుణ్ణి.

ఈ రోజు సమాధి కార్యక్రమం అయ్యాక అక్క భర్త ప్రకాశ్ బావ నన్ను లోపలికి పిలిచి ఆమె ల్యాప్‌టాప్ చేతిలో పెట్టాడు. "మీ గ్రూపుల పెట్టాల్నని వారం సంది రాస్తుండె. నాకు ఏడ నొక్కాల్నో తెల్వది. నువ్వు సూడు తమ్మీ."

ఈ ఏడాది ముచ్చటే. దాదాపు పూర్తయింది. "ఓడినయ్" అన్న చోట మొదట తన పేరే రాసుకుంది.

"మిర్యాలగూడల ఒక షాపు మళ్ల విండోస్‌కు పోయింది. తప్పు నాది. పాత ఫాంట్ల సంగతి నేను సూస్త అని మాటిచ్చిన, బడి పనులల్ల మర్సిపోయిన. ఆ తమ్ముణ్ణి ఎవ్వరు ఏమనొద్దు. గిరాకీ పోతే ఇల్లెట్ల గడుస్తది? సెలవులల్ల నేనే పొయ్యి ఆ ఫైళ్ల కాడ కూసుంట."

నా పేరు రాయలేదు.

భార్యను మట్టిలో పెట్టి వచ్చిన మనిషి, నా వీపు నిమురుతూ నన్ను ఓదార్చాడు.

ఆ పోస్ట్ ఈ సాయంత్రం గ్రూపులో పెడతా. ఒక్క అక్షరం మార్చను. కింద ఒక్క మాట చేరుస్తా. ఆ షాపు నాది, అక్క తప్పేం లేదు అని.

ఈసారి కలవాల్సింది మిర్యాలగూడలోనే. కలుద్దాం. ముందుగా లేచి చెప్పేది నేనే.

అక్కా, నువ్వడిగిన రోజే చెప్పాల్సింది. ఒక్క మాట కూడా అనేదానివి కాదని ఇప్పుడు తెలిసింది.

ఇక ఎవరి సిస్టం కోసమూ బస్సెక్కకు. ప్రభువు దగ్గర నిమ్మళంగా కూర్చో.