ఆయన నాకు రాసి చూపించని రెండు మాటలు

“సాయంత్రం పిల్లలు వెళ్ళేక ఆ రెండు మాటలూ నాకు రాసి చూపిస్తారేవిటండీ?”

“ఈ వయసులో నీకెందుకే? వెళ్ళి కాఫీ పట్రా.”

“మీరే పెట్టుకోండి.”

మా ఆయనా నేనూ ఆఖరుగా అనుకున్న మాటలివి. కోపంతో బోరింగు దగ్గరకు పోయాను. బిందె నింపుకుని వచ్చేసరికి ఆయన కుర్చీలోనే పోయారు. అలా తప్పించుకున్నారు. అదీ నా మంట.

ఎల్లుండి అమలాపురంలో ఆయన శిష్యులు సభ పెడుతున్నారు. మేష్టారి గొప్పతనం గురించి నన్ను నాలుగు ముక్కలు రాయించి పంపమన్నారు. సరే, చెబుతున్నాను. మా చెల్లెలి కూతురు రాస్తోంది.

ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టారు. ఇంటి అరుగు మీద ట్యూషను చెప్పేవారు. ఒకేలా పలికే ఇంగ్లీషు మాటలు నేర్పడంలో ఆయన తరవాతే ఎవరైనా అనేవారు. “సన్ సూర్యుడు, సన్ కొడుకు, సీ సముద్రం, సీ చూడు” అని పిల్లలు వల్లిస్తుంటే, గుమ్మం ఇవతల చీపుళ్ళకు కొబ్బరి ఈనెలు తీస్తూ నేనూ లోలోపల వల్లించేదాన్ని. పదిహేనేళ్ళు. జతలన్నీ నోటికి వచ్చేశాయి. ఏం లాభం? చెవికి రెండూ ఒకటే. తేడా అంతా రాతలో ఉంది. నేను మూడో తరగతితో ఆగిపోయినదాన్ని, తెలుగే కూడబలుక్కుంటాను.

ఒకరోజు ఎవరో పెద్దమనిషి వచ్చారు. ఈయన నన్ను పిలిచి బోర్డు మీద ఒక మాట చూపించారు.

“ఫ్లవర్. దీనర్థం చెప్పు.”

“పువ్వండి.”

“కాదే, పిండి! రోజూ చేతులు పెట్టేదే అందులో, పోల్చుకోలేకపోయింది చూడండి!”

అరుగంతా నవ్వులు. వచ్చినాయన కూడా నవ్వారు, నేనిచ్చిన కాఫీ తాగుతూ.

“పువ్వూ ఫ్లవరే, పిండీ ఫ్లవరే అయితే చెవులతో ఎలా పోల్చనండీ? నా కళ్ళకి కూడా నేర్పండి,” అన్నాను, ఆ పెద్దమనిషి వెళ్ళాక.

“పరీక్షలు అవనీ.”

పరీక్షలు ఏటా అయ్యాయి. ఏటా కొత్త పిల్లలు వచ్చారు. ఊరందరి పిల్లలకూ ఆ తేడా చూపించిన మనిషికి, తన గుమ్మం ఇవతల కూర్చున్న మనిషి కనబడలేదు. ఆయన గొప్ప మేష్టారే. నాకు కాదు. సభలో ఇదే చదవండి.

“పెద్దమ్మా, ఈ ఆఖరి ముక్క తీసేద్దామా? అంతమందిలో బాగోదేమో.”

“తీసేవంటే ఊరుకోను. ఇది కూడా రాయి.”

“ఆయ్.”

“కింద ఆ పిండినీ పువ్వునీ ఇంగ్లీషులో పక్కపక్కన పెద్దగా రాయి. రాసేవా? ఇంక మొదటినుంచి చదివి వినిపించు. గబగబా కాదు. ఒక్కో మాట కింద వేలు పెట్టి చదువు, నేను చూస్తాను.”