ఆయన నేర్పిన రూలు

ధరల సర్వే ఆఫీసులో ఆమెను అందరూ మిరపకాయ అనేవాళ్ళు. మనిషి పిట్టంత, కోపం కొండంత. ఏళ్ళ తరబడి ఆమె పని ఒక్కటే. ఇల్లిల్లూ తిరిగి, "పోయినేడు వందకు వచ్చిన సరుకులు ఇప్పుడెంతకు వస్తున్నాయనిపిస్తోంది?" అని అడగడం, చెప్పింది చెప్పినట్టు రాసుకురావడం. కొట్టువాడి ధర అక్కర్లేదు, ఇంట్లోవాళ్ళకు ఏమనిపిస్తోందో అదే కావాలి.

కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్‌కు అదే గిట్టలేదు. "నూట యాభైయా? ఆడవాళ్ళకు ఎప్పుడూ ధరలు మండిపోతున్నట్టే ఉంటుంది," అంటూ నూట పదికి దించేవాడు. మిరపకాయ అడ్డం తిరిగింది. దాంతో ఆమె తెచ్చిన కాగితాల కట్టను, "ఇవన్నీ దొంగ రాతలు," అని అందరి ముందూ పక్కన పడేశాడు. అలా పడేసిన వాటికి డబ్బులు రావు. ఇంకోసారి ఇలాగే తెస్తే ఉద్యోగమే ఉండదన్నాడు. ఎండలో తిరిగి తిరిగి అరిగిన చెప్పులు చూసుకుని ఆమె పళ్ళు నూరింది. దొంగ రాతలన్న మాటను ఆయన చేతే వెనక్కి తీయించాలనుకుంది.

మరుసటి నెల ఏ ఇళ్ళకు వెళ్ళాలో చీటీలు తీస్తే, మిరపకాయ వంతుకు సాక్షాత్తూ ఆయన ఇల్లే వచ్చింది. మిరపకాయ కావాలనే సెలవు రోజు వెళ్ళింది. ఆయన భార్య ఎదురుగా కూర్చుని, పక్కన నిలబడ్డ ఆయనతో వినయం ఒలకబోస్తూ అంది.

"సార్, సరుకులు కొనేవాళ్ళు చెబుతుంటే ఇంకెవరూ దగ్గరుండకూడదని ట్రైనింగులో మీరే చెప్పారు కదా. కాస్త లోపలికి వెళ్తారా?"

ఆయన తేలు కుట్టిన దొంగలా లోపలికి వెళ్ళాడు. తలుపు వెనకే ఉన్నాడని ఇద్దరికీ తెలుసు.

"వందకొచ్చింది ఇప్పుడెంతనిపిస్తోంది అక్కా?"

ఆవిడ గొంతు పెంచింది. "రెండొందలు! ఈయన ఇంటికిచ్చేది మాత్రం పైసా పెరగదు. అడిగితే, ధరలేం పెరిగాయి, మా ఆఫీసు లెక్క చూడమంటారు."

ఆ లెక్క ఎలా తయారవుతోందో మిరపకాయ పూసగుచ్చినట్టు చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమెకు కడుపు చల్లబడింది. ఆవిడ ముఖం మాత్రం ఎర్రబడింది.

మర్నాడు ఆఫీసులో సూపర్‌వైజర్ కలం ఆ రెండొందల మీద ఆగింది.

"తగ్గించండి సార్," అంది మిరపకాయ. "ఎంత రాశారో కనుక్కోవడానికి సాయంత్రం అక్క ఫోన్ చేస్తానంది."

ఆయన కలం మూత పెట్టాడు. ఆమె పాత కట్ట తెచ్చి ఆయన ముందు పెట్టింది. "వీటికీ సంతకం చేయండి. ఇవి దొంగ రాతలు కావని కూడా చెప్పండి."

ఆయన సంతకాలు చేసి, తల దించుకుని ఏదో గొణిగాడు.

"గట్టిగా సార్," అంది మిరపకాయ, "ఆ రోజు అన్నట్టే."