సాక్ష్యం చెప్పిన బొటనవేలు

పలాసలో పదేళ్లుగా జీడిపిక్కలు కొడుతున్నాను. ఆ పిక్కల నూనెకు నా వేళ్లు నల్లబడి, గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర మిషన్ నన్ను గుర్తుపట్టదు. అందుకే బ్యాంకుకు వెళ్లి సంతకం పెట్టే డబ్బు తీసుకుంటాను. అక్కడ వేళ్లను కొంగులో దాచుకునేదాన్ని.

మొన్న వేసవిలో మా అమ్మాయి కాలేజీ ఫీజు కోసం వెళ్లాను. కౌంటర్లోని గుమస్తా, "ఖాతాలో ఏమీ లేదమ్మా. పైగా ఓవర్‌డ్రాఫ్ట్ వాడేశారు. మీరే బ్యాంకుకు రెండు వేలు కట్టాలి" అని గట్టిగా అన్నాడు. "అప్పు తీసుకుని మర్సిపోనాదేటి?" అని లైన్లో ఎవరో నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"నాను తియ్యనేదు బాబూ!"

"మీ వేలిముద్ర పడ్డాకే డబ్బు వెళ్లింది."

ఆ మాటకు ఒళ్లు మండింది. "అయితే ఆ మిషను ఇటు తెండి, సూద్దాం!" అన్నాను.

గొడవ విని మేనేజరమ్మ బయటకు వచ్చారు. ఆవిడ ముందే ఏడుసార్లు వేలు పెట్టాను. ఒక్కసారీ పడలేదు.

"మరి అప్పుడెలా పడిందేటి? సెప్పండి!"

ఆవిడ వెంటనే రికార్డులు తీయించారు. నా పేరే ఉన్న టెక్కలి ఆవిడ ఆధార్‌ను బ్యాంకువాళ్లే నా ఖాతాకు కలిపేశారట. పాపం, తన డబ్బే అనుకుని ఆమె తన వేలిముద్రతో తీసుకుంది. "తప్పు మాదే" అని మేనేజరమ్మ అందరి ముందూ ఒప్పుకున్నారు. వారంలో నా డబ్బు నాకు వచ్చింది, ఫీజూ కట్టేశాను.

ఇప్పుడు బ్యాంకుకు వెళితే రెండు చేతులూ కౌంటర్ మీద పెట్టే మాట్లాడుతున్నాను.