దవడ జారిన కుక్క

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసే మార్చి నెలలో, వినుకొండ వైపు ఒక ఏరియా పశువైద్యశాలలో సహాయ సంచాలకురాలిగా పనిచేస్తున్నాను. హోదా పెద్దదే గానీ చూసేది గేదెలు, గొర్రెలే. కుక్క తలలోని నరాలను పరీక్షించే విద్యను కాలేజీలో ఎంతో ఇష్టంగా నేర్చుకున్నాను. ఉద్యోగంలో దానితో పని పడింది మాత్రం చాలా అరుదు.

ఒక ఉదయం కోటయ్య అనే మిరప రైతు తన కళ్లం కాపలా కుక్కను ట్రాలీ ఆటోలో కట్టి తెచ్చాడు. దాని పేరు రాజు. కింది దవడ వేలాడిపోయి చొంగ కారుతోంది. వెనకాలే పక్క కళ్లం సాంబయ్య మరో ఇద్దరితో కలిసి కర్రలు పట్టుకుని వచ్చాడు.

"పిచ్చెక్కిందండీ డాక్టరమ్మా. మీరు సూదేసి చంపుతారా, మమ్మల్ని చూసుకోమంటారా?" అన్నాడు.

గొంతులో ఎముక ఇరుక్కుందని కోటయ్య వాదన. "పొద్దున చెయ్యి పెట్టి దేవులాడానండీ. ఏం దొరకలా" అన్నాడు.

చేతులు చూపించమన్నాను. కాయలు కోసి కోసి వేళ్లన్నీ పగుళ్లే. నాకు ఒళ్లు మండింది. దవడ జారిన కుక్కను చూడగానే ఎముక అనుకుని నోట్లో చెయ్యి పెట్టడం మన రైతులు చేసే పాత పొరపాటు. రేబిస్‌లోనూ దవడ ఇలాగే జారుతుంది, ఆ చొంగ పగుళ్లలోకి దిగితే చాలు, మనిషికీ అంటుకుంటుంది. కుక్కకు టీకా వేయించావా అంటే, టీకాల క్యాంపు రోజున కోతల్లో ఉన్నామన్నాడు. అతన్ని కుళాయి దగ్గర నిలబెట్టి సబ్బుతో చేతులు బాగా కడిగించి, టీకా కోసం ప్రభుత్వాసుపత్రికి పంపాను. "రాజుని చంపరుగా అమ్మా?" అని అడిగి వెళ్లాడు. చూశాక చెబుతానన్నాను.

మెదడు నుంచి తలలోకి వచ్చే నరాలు పన్నెండు జతలు. ఒక్కో జతకు ఒక్కో పని. నేను ముందే రేబిస్ టీకా వేయించుకున్నదాన్నే అయినా, గ్లౌజులు తొడుక్కుని, ముఖానికి అడ్డు పెట్టుకుని వరసగా చూశాను. కంటి ముందు చెయ్యి ఆడిస్తే రెప్ప వేసింది. పిలిస్తే తోక ఊపింది. నమిలే కండరాలను నడిపే ఐదో నరం మాత్రం రెండు వైపులా పనిచేయడం లేదు. ఇక అసలు పరీక్ష గొంతుది. రేబిస్ కుక్క సాధారణంగా మింగలేదు. దవడను గుడ్డ పట్టీతో పైకెత్తి, బుగ్గ సందులోంచి సిరంజితో నీళ్లు వదిలాను. గుటక పడింది. మళ్లీ వదిలితే మళ్లీ పడింది. అంత గర్వం నాకు ఏ ప్రమోషన్‌కూ కలగలేదు.

ఇది ఐదో నరం వాపు, దానంతటదే తగ్గుతుంది, రేబిస్ కాకపోవచ్చు అన్నాను.

"అంటే అవ్వచ్చు కూడానేగా" అన్నాడు సాంబయ్య.

ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. అయినా ఈసారి న్యాయంగానే అడిగాడు. బతికున్న కుక్కలో ఖాయంగా తేల్చే పరీక్ష మా దగ్గర లేదు. రేబిస్ లక్షణాలు కనిపించిన కుక్క పది రోజులు దాటి బతకదని, అప్పటిదాకా ఆసుపత్రి బోనులో నా పూచీ మీద ఉంచుతానని, నేను తప్ప ఎవరూ ముట్టరని చెప్పాను. గొణుక్కుంటూనే కర్రలు తీసుకుని వెళ్లిపోయారు.

రోజూ నేనే సిరంజితో జావ పట్టాను. పెద్ద డాక్టరమ్మ కుక్కకు ఉగ్గు పెడుతోందని సిబ్బంది చాటుగా నవ్వుకున్నారు. గడువు దాటింది, రాజు బతికే ఉంది. ఆ తర్వాత దవడ కొద్దికొద్దిగా లేచింది. ఒకనాడు రాజు మాంసం ముక్కను తనే నమిలి మింగింది. సాంబయ్యను పిలిపించి మరీ చూపించాను. "మీ మాటే నిలబడిందండీ" అని ఒప్పుకున్నాడు. ఆ మాట ఇప్పటికీ నలుగురికీ చెప్పుకుంటాను.

కుక్కను తీసుకెళ్లడానికి వచ్చిన కోటయ్య, "రోగం దానికీ లేదు, నాకూ లేదు. ఊరికే పొడిపించారుగదండీ" అని నవ్వాడు.

నా నిర్ధారణ సరైనదే. అయినా రేపు అలాంటి కుక్కే నా ముందుకొచ్చినా, మనిషిని టీకాకు పంపాకే దాన్ని ముట్టుకుంటాను. ఆనాడు టీకాకు పంపకుండా నేను పొరబడి ఉంటే నాకు మాట వచ్చేది, కోటయ్యకు ప్రాణం పోయేది.