గాజు బీరువాలో బంధువు

2022 జూన్. వేలూరులో పేరున్న ఒక ఫిజియోథెరపీ కాలేజీ అడ్మిషన్ల ఆఫీసులో నేను గుమాస్తాను. దరఖాస్తుల్లో అబద్ధాలు పట్టుకోవడం నా పని. చదువుకునే రోజుల్లో నేను చెప్పినవి ఇక్కడ బాగా అక్కరకొచ్చాయి.

మా దగ్గర ‘లెగసీ పాయింట్లు’ అని ఉండేవి. దరఖాస్తుదారుల అమ్మో నాన్నో, తాతో అవ్వో ఇక్కడ చదివి ఉంటే ఇంటర్వ్యూ మార్కులకు ఐదు కలిపేవాళ్ళం. పుట్టేటప్పుడే మొలతాడుతో పాటు ఐదు మార్కులు కట్టి పంపినట్టు.

ఆ ఏడాది చివరి సీటుకు ఇద్దరు మిగిలారు. ఒక అబ్బాయి తండ్రి మా కాలేజీలోనే చదివాడు. అతనికొచ్చిన అరవై ఎనిమిదికి ఐదు కలిసి డెబ్బై మూడు. రెండోది గుడియాత్తం నేతవాళ్ళ పిల్ల హేమ, డెబ్బై ఒకటి. ‘కాలేజీలో బంధువులు’ అన్నచోట ఆమె ఇలా రాసింది: ‘తాత. అనాటమీ విభాగం. 1999 నుంచి నేటి వరకు.’

విద్యార్థుల రిజిస్టరులో ఆయన పేరు లేదు, సిబ్బంది రిజిస్టరులోనూ లేదు. దొంగ దొరికిందనుకుని కబురు పెట్టాను. హేమ వాళ్ళ అవ్వను వెంటబెట్టుకుని వచ్చింది.

“తాత యాడ పనిచేస్తా ఉండాడమ్మా?”

“పని కాదు సార్. ఉండాడు, అంతే.”

“రిటైరయినాడా?”

అవ్వ నవ్వింది. “ఇంకెట్ల రిటైరయ్యేది నాయనా? మూడో అంతస్తులో గాజు బీరువాలో నిలబడుకోనుండాడు.”

సంచిలోంచి ఒక కాగితం తీసింది. బాడీ డొనేషన్ పత్రం. చనిపోయాక శరీరాన్ని విద్యార్థుల చదువుకు రాసివ్వడం అన్నమాట. “ఇంత ఒళ్ళు తగలబెడితే ఏమొస్తుంది, పిల్లోళ్ళకన్నా పనికొస్తానని రాసిచ్చినాడు. ఒకసారి చూపిచ్చప్పా.”

వాళ్ళను మూడో అంతస్తుకు తీసుకెళ్ళాను. అక్కడి ల్యాబ్ టెక్నీషియన్ పత్రం మీది నంబరును బీరువా నంబరుతో పోల్చాడు. సరిపోయింది. ఎడమ చిటికెన వేలు వంకర, మగ్గంలో నలిగిందట. అవ్వ ఆ అస్థిపంజరాన్ని కిందినుంచి పైదాకా చూసింది.

“అబ్బ, ఎంత బక్కచిక్కిపోయినావు!”

ఆ చెయ్యి చిన్నగా ఊగింది. ఫ్యాను గాలి అనుకున్నాను. అప్పుడు కరెంటు లేదని టెక్నీషియన్ గుర్తుచేశాడు. సరే, రోడ్డు మీద లారీ పోయి ఉంటుంది. మా రోడ్డులోకి లారీలు రావు, అది వేరే సంగతి.

మధ్యాహ్నం కమిటీ ముందు ఫైలు పెట్టాను. ఒక సభ్యుడు నియమం చదివాడు: “చదివినవాళ్ళ పిల్లలకు, మనవలకే పాయింట్లు. ఈయన చదవలేదు కదా.”

గుమ్మం దగ్గర నిలబడిన అవ్వకు అది వినబడింది. “సరి నాయనా. అట్లయితే ఆయన్ని ఇచ్చేయండి, ఇంటికి పిల్చుకోని పోతాం. ఇరవై మూడేండ్లు మీ పిల్లోళ్ళు ఆయన్ని చూసే కదా చదివినారు.”

ప్రిన్సిపల్ కూడా ఆ బీరువా ముందు నిలబడి ఎముకల పేర్లు వల్లించినవారే. ఆయన అవ్వ కళ్ళలోకి చూడకుండా నాతో అన్నారు: “ఇద్దరికీ ఐదేసి కలుపు. లేదంటే ఇద్దరికీ తీసెయ్.”

ఎలా చేసినా హేమ మూడు మార్కులు ముందే ఉంది. నేను రెండు విధాలా లెక్కవేసి చూశాను, గుమాస్తాను కదా. నాలుగేళ్ళుగా ఐదులు కలుపుతున్నాను. కలపకముందు ఎవరు ముందున్నారో చూడాలని నాకు ఆరోజే తట్టింది. ఆ చూడకపోవడానికే ఇన్నాళ్ళూ సంప్రదాయమని పేరు పెట్టుకున్నాం.

క్లాసులు మొదలైన రోజు ఐడీ కార్డు ఇవ్వడానికి మూడో అంతస్తుకు వెళ్ళాను. హేమ ఒక్కతే ఉంది. బీరువా తలుపు తీసి ఉంది.

“వేరే అస్థిపంజరం ఇమ్మని అడగనా పాపా?”

“ఎందుకన్నా? అందురూ వాళ్ళ పెద్దోళ్ళని చూపిచ్చి వచ్చినోళ్ళేగదా.”

ఆ వంకర వేలు పట్టుకుని ఎముకల పేర్లు ఒక్కొక్కటే చెప్పసాగింది. ఒక పేరు దగ్గర తడబడి ఆగింది. తల పైకెత్తి కాసేపు విన్నట్టుగా ఉండి, సరైన పేరు చెప్పింది.

నేను కార్డు బల్ల మీద పెట్టి, గది తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను. కుటుంబ విషయాల్లో గుమాస్తాలు ఉండకూడదు.