పేరులో దొరికిన మాట

నల్గొండ బస్టాండు బయట జ్యూస్ బండి పక్కన పారబోసిన బత్తాయి తొక్కల మీద ఎండ పడి, పులుపూ చేదూ కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నకిరేకల్‌లో ఆరో తరగతి బెంచీ మీద కూర్చున్నట్టే ఉంటుంది. మా బడి పండ్ల మార్కెట్‌కు వెనక ఉండేది. కాయలు దిగే కాలంలో ట్రాక్టర్లు వరసగా నిలబడేవి. కుళ్లిన కాయలు గోడ పక్కన పారేస్తే, ఈగలతో పాటు ఆ వాసన కూడా కిటికీలోంచి వచ్చి మా సద్దిగిన్నెల్లోని చింతకాయ తొక్కు వాసనతో కలిసిపోయేది.

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన కొత్త రోజులవి. మా నాయిన లారీ డ్రైవర్. తాను చదవలేని బోర్డుల కింద దేశమంతా తిరిగినవాడు కాబట్టి, బిడ్డ ఇంగ్లీష్ బడిలోనే చదవాలని పట్టుబట్టి మా ఊరి నుంచి ఆటోలో పంపేవాడు. నా పేరు సైదమ్మ. అమ్మకు పిల్లలు నిలవకపోతే మా అవ్వ సైదన్న దర్గాకు మొక్కుకుందట. నేను పుట్టగానే అక్కడికి ఎత్తుకపోయి ఆ పేరు పెట్టించింది. శ్రీజలూ సహస్రలూ నిండిన తరగతిలో హాజరు పిలిచేటప్పుడు నా పేరు రాగానే వెనక బెంచీలు కిసుక్కుమనేవి.

శనివారం ఆఖరి పీరియడ్‌లో ఇంగ్లీష్ సారు ఒక ఆట ఆడించేవాడు. ఎవరో ఒకరి పేరును బోర్డు మీద పెద్ద ఇంగ్లీష్ అక్షరాల్లో రాసి, ఆ అక్షరాలనే అటూ ఇటూ మార్చి మాటలు కట్టమనేవాడు. గెలిచినవాళ్లకు పెన్ను. ఆ పేరు గలవాళ్లు మాత్రం బోర్డు పక్కన నిలబడి చూస్తూ ఉండాలి. దొరికిన మాటల్లో అందరినీ నవ్వించిందే వారమంతా వాళ్ల పేరు. ప్రతాప్‌లో ర్యాట్ దొరికింది కాబట్టి వాడు ఎలుక. భార్గవిలో ర్యాగ్ దొరికింది కాబట్టి అది పేలిక. ఏడ్చినవాళ్లను చూసి సారు కూడా నవ్వేవాడు.

అక్షరాలు విప్పి మాటలు ఏరడం నాకు బాగా వచ్చేది. ఆటోలో పోతూ దుకాణాల బోర్డులు, లారీల వెనక రాతలు అన్నీ విప్పేదాన్ని. ఇంటికొచ్చి చెబితే నాయిన పొయ్యి దగ్గర మక్క కంకి కాలుస్తూ, ఏమీ అర్థం కాకపోయినా, "ఇంకోటి చెప్పు బిడ్డా" అనేవాడు.

నా పేరు వంతు వానలు వెనకపట్టాక వచ్చింది. సెడ్, శాడ్, మ్యాడ్, డ్యామ్ అన్నారు. మెయిడ్ అన్నప్పుడు "పనిమనిషి" అని నవ్వారు. అంతటితో అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఎరువుల దుకాణం వాళ్ల కొడుకు ప్రణీత్, ఎప్పుడూ ఫస్టు వచ్చేవాడు, లేచి నిలబడి ఏ, ఐ, డీ, ఎస్ అని ఒక్కొక్కటే చదివి, "ఎయిడ్స్ సార్" అన్నాడు. తరగతంతా గొల్లుమంది. సారు ఆ మాటను బోర్డు మీద రాసి కింద గీత గీశాడు.

"అది రోగంరా," అని నవ్వి, "అయినా అక్షరాలు సరిపోయినయ్. పెన్ను నీదే" అన్నాడు.

వెనక నుంచి ఎవడో అన్నాడు: "వీళ్ల నాయిన లారీ డ్రైవరే సార్."

లారీవాళ్లు జాగ్రత్తగా ఉండాలని ఆ రోగం గురించి గోడల మీద బొమ్మలతో రాసి ఉండే రోజులవి. పైగా నాయిన అప్పుడే దగ్గుతూ సన్నబడుతున్నాడు. సోమవారానికి నా బెంచీ మీద నేనొక్కదాన్నే మిగిలాను. డ్రమ్ములో నేను గ్లాసు ముంచితే ఆయా నీళ్లన్నీ పారబోసింది. పిల్లలు ఆ మాటను ఇళ్లకు మోశారు, తల్లులు దాన్ని మళ్లీ బడికి తెచ్చారు. హెడ్మాస్టరు అమ్మను పిలిపించి, కూర్చోమని కూడా అనకుండా, "ముగ్గురూ రక్తపరీక్ష చేయించుకోండి. మిగతా పిల్లల సంగతి గూడ చూడాలె గద" అన్నాడు.

నల్గొండ పెద్ద దవాఖానలో ముగ్గురం చేతులు చాపాం. ఎవరికీ ఆ రోగం లేదు. నాయినకు ఉన్నది టీబీ, మందులు వాడితే పోతుందన్నారు. అమ్మ ఆ సంగతి బడిలో చెప్పింది, వాడకట్టులో చెప్పింది, అడగనివాళ్లకూ చెప్పింది. చెప్పినకొద్దీ జనం ఇంకాస్త వెనక్కి జరిగారు.

ఆ ఏడు సద్దుల బతుకమ్మకు అమ్మ ఎన్నడూ లేనంత తీరుగా తంగేడు, గునుగు పేర్చింది. నువ్వుల సద్ది కలిపింది, సజ్జరొట్టె నలిపి బెల్లం, నెయ్యి వేసి మలీద ముద్దలు చేసింది. చెరువులో బతుకమ్మలు వదిలాక ఆడవాళ్లంతా ఒకరికొకరు సద్దులు పెట్టుకుంటుంటే, అమ్మ ముద్ద పట్టుకుని ఒక్కొక్కరి ముందుకు పోయింది. "ఇప్పుడే తిన్న వదినె" అని ఒకామె, "కడుపుల మంచిగ లేదు" అని ఇంకొకామె. చివరికి మా చిన్నమ్మ, అమ్మ సొంత చెల్లెలు, కొంగు చాపి తీసుకుంది. అమ్మ ముఖం విప్పారింది. తిరిగి వస్తుంటే కట్ట కింద ఆ మలీద ముద్దను ఒక కుక్క తింటోంది. అమ్మ దానివైపు చూసింది, గిన్నెకు మూత పెట్టుకుని నడిచింది.

తెల్లారి ఇల్లు ఊడుస్తూ, "దీని పేరు మార్పిస్త" అంది.

"సైదన్న ఇచ్చిన పేరుకు ఏం రోగమే?" అంది అవ్వ.

"నీ మొక్కే నా బిడ్డను తింటాంది."

నన్ను దూరంగా ఒక గురుకులంలో సాహితి పేరుతో చేర్చారు. నాయిన జబ్బు నయమైంది, కానీ ఓనరు మళ్లీ లారీ ఎక్కనివ్వలేదు. నాయిన కూడా ఇంకో ఓనరును అడగలేదు. అమ్మానాయిన కొత్త పేరుకు అలవాటుపడ్డారు. అవ్వ ఒక్కతే గురుకులం గేటు కాడ నిలబడి "ఓ సైదమ్మా" అని కేక వేసేది. ఎవరైనా విన్నారేమోనని వెనక్కి చూసుకుంటూ గేటు కాడికి ఉరికేదాన్ని.

పోయిన చలికాలంలో అవ్వ చనిపోయింది. నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. బడి కూడా ఎత్తేశారు; ఆ జాగాలో సిమెంటు గోదాము ఉంది. మొన్న దాని ముందు నుంచి పోతుంటే ప్రణీత్ బండి ఆపి పలకరించాడు. మనిషి ఒళ్లు చేశాడు, మర్యాదగానే మాట్లాడాడు.

"మన సారు ఆడించిన ఆట యాదుందా? గా ఆటతోనే నాకు ఇంగ్లీష్ వచ్చింది. మస్తుండె."

"యాదుంది" అన్నాను.

"ఏమనుకోకు, నీ పేరేందో జర యాదికొస్తలేదు."

"సాహితి."

"ఆఁ, సాహితి!" అన్నాడు నవ్వుతూ. "ఇప్పుడు యాదికొచ్చింది."